మైనా ఎందుకు మూగబోయింది

కిందటి వారం చిన్నిని ఈతకొలను గేటు ముందు నిలబెట్టి వచ్చాం. కళ్ళద్దాల షాపులో ఒంట్లో బాగాలేదని చెప్పి, సగం రోజు సెలవు పెట్టి మరీ వచ్చింది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. చార్జింగులో పెట్టి ఉన్న తమ్ముడి ఫోను మీద ‘నలుగురం’ అనే గ్రూపు పేరు, ఆ పక్కనే మైనా పేరు కనబడిన దగ్గర్నుంచి ఆమెకు తిండి సయించడం లేదు. ఏడాదిగా లోకానికి ఒక్క ఫోటో కూడా చూపించని మైనా, ఓ నలుగురి గుంపులో మాత్రం అన్నీ చూపిస్తోందన్నమాట! అందులో ఒకరు మైనా. ఇంకొకడు తన సొంత తమ్ముడు. మిగతా ఇద్దరూ ఎవరో వాడి నోట్లోంచి రాబట్టలేకపోయింది. మెడ మీద కత్తి పెట్టినంత పని చేస్తే, మైనా పనిచేసే చోటు మాత్రం చెప్పాడు. “అడగాలనుకున్నదేదో వెళ్ళి మైనక్కనే అడుగు. నన్ను వదిలెయ్” అన్నాడు.

మైనక్క! ఆ పిలుపు వింటేనే చిన్నికి ఒళ్ళు మండుతుంది. తనను వాడు వట్టి ‘ఏయ్’ అంటాడు.

గేటు పక్కన చిన్న కిటికీ వెనక కూర్చున్న టికెట్ల ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

“దిగడానికా, చూడ్డానికా?”

“చూడ్డానికే” అంది చిన్ని.

లోపల గాలి వెచ్చగా, తడిగా, నీళ్ళలో కలిపే మందు వాసనతో బరువుగా ఉంది. ఎత్తయిన రేకుల కప్పు కింద నీలంరంగు పలకలు పరిచిన కొలను. కప్పు మీద పడి వెనక్కి వచ్చే ప్రతి మాటా రెండు మాటలై వినిపిస్తోంది. ఒక పక్కన మెట్లలా కట్టిన సిమెంటు గట్లున్నాయి. చిన్ని అన్నిటికంటే పై మెట్టు మీద, స్తంభం చాటుగా కూర్చుంది.

మైనాను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. నడుము దాకా ఉండే జుట్టు చెవుల దాకా కత్తిరించేసింది. ఎండకు కాదు, ఆ నీళ్ళకు కమిలినట్టుంది మొహం. మోచేతుల దాకా ఉన్న నల్లటి ఈత దుస్తుల్లో, మెడలో విజిల్‌తో నడుంలోతు నీళ్ళలో నిలబడి, ఒక లావుపాటి పెద్దమనిషిని వీపు కింద చేతులు పెట్టి తేలుస్తోంది. “మెడ వదిలెయ్యండి సార్. నీళ్ళు మిమ్మల్ని ఏమీ చెయ్యవు. మీరే నీళ్ళని ఏదో చేసేటట్టున్నారు” అంటోంది. ఆయన నవ్వాడు. నవ్వడంతో మునిగాడు. లేచి మళ్ళీ నవ్వాడు. మైనా కూడా నవ్వుతోంది.

ఆ నవ్వు చూసి చిన్నికి కడుపులో ఎవరో వేడి ఇస్త్రీపెట్టె పెట్టినట్టయింది.

ఈ మంట ఇప్పటిది కాదు. మైనా పెద్దమ్మ కూతురు. చిన్నికంటే కొన్ని నెలలే పెద్దది. ఆ కొన్ని నెలల పుణ్యమా అని ఈమె జీవితాంతం ‘చిన్ని’ అయిపోయింది. పుట్టినప్పటి నుంచీ గలగలా మాట్లాడుతుందని దానికి మైనా అని పేరు పెట్టారు. చిన్నికి పేరు పెట్టడానికి ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు లేదు. బడిలో మార్కుల నుంచి బట్టల కొలతల దాకా పెద్దమ్మ ఫోన్లో చెప్పేది, అమ్మ ఇటు తిరిగి “మైనాను చూడవే” అనేది. చూడమన్నారు కాబట్టి చిన్ని చూసింది. చూస్తూనే ఉంది.

చేతికి ఫోన్లు వచ్చాక చూడటం మరీ సులువైపోయింది. మైనా కొత్త చెప్పులు, మైనా ఆఫీసు మేడ మీంచి కనబడే ఊరు, మైనా కాఫీ కప్పు మీద నురగ, కొండ మీద సూర్యోదయానికి ఎదురుగా మైనా, ఆ పక్కన భుజం మీద చెయ్యేసి పొడుగాటి కుర్రాడు. కళ్ళజోడు కాడను వేడిచేసి వంచుతూ, ఒకరి ముక్కుకు ప్యాడ్లు సరిచేస్తూ, గిరాకీ వెళ్ళి గిరాకీ వచ్చే సందులో చిన్ని అవన్నీ చూసేది. ఏనాడూ ఒక్క లైకు కొట్టలేదు. కొడితే ఓడిపోయినట్టే అని ఆమె నమ్మకం.

అలాంటిది ఏడాది కిందట మైనా ఉన్నట్టుండి మూగబోయింది. మొదట చిన్నికి పండగలా అనిపించింది. ఉద్యోగం ఊడి ఉంటుంది, లేదా పొడుగాటివాడు వదిలేసి ఉంటాడు అనుకుని హాయిగా నిద్రపోయింది. నెల తిరిగేసరికి ఆ హాయి కాస్తా ఎగిరిపోయింది. దాచుకుంటోందంటే దాచుకునేంత గొప్పది ఏదో దొరికిందన్నమాట! ఫోటోల్లో కనిపించినంత కాలం మైనా సుఖానికి ఒక హద్దు ఉండేది. ఇంత ఇల్లు, ఇన్ని చీరలు, ఇంత పొడుగు కుర్రాడు అని. కనబడటం మానేశాక చిన్ని తన బుర్రలోనే దానికి మేడ మీద మేడ కట్టడం మొదలుపెట్టింది. అందులో మైనా ఒక్కో గదిలో ఒక్కోలా నవ్వుతూ కనిపించేది.

లోకమంతా అలాగే అయిపోయింది మరి. షాపుకు వచ్చే కుర్రకారు ఒకప్పుడు కనబడిన ప్రతి ఫ్రేమూ పెట్టుకుని, పెదాలు ముడిచి, ఫోటోలు తీసి, అక్కడికక్కడే లోకం మీదకు వదిలేవాళ్ళు. ఇప్పుడు ఒక్కటే ఫోటో తీసుకుంటారు, ఎవరో ఒక్కళ్ళకు పంపుతారు, జవాబు వచ్చేదాకా తలవంచుకు నిలబడి, వచ్చాక తమలో తాము నవ్వుకుంటారు. పోస్టు పెట్టరా అని చిన్ని ఒక కాలేజీ పిల్లను అడిగితే, “ఎందుకండీ? తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అందరూ చూస్తారు. ఏమీ అనరు. తిట్టినా బాగుండు” అంది. ఈ పిల్లలకు పొగరెక్కువైందని అనుకుంది చిన్ని ఆరోజు.

విజిల్ మోగింది. నీళ్ళలోని వాళ్ళు ఒక్కొక్కరే గట్టెక్కి బట్టలు మార్చుకునే గదుల వైపు వెళ్ళారు. మైనా తువ్వాలు భుజాన వేసుకుని, నేరుగా ఆ స్తంభం వైపే చూస్తూ మెట్లెక్కి వచ్చింది.

“స్తంభం సన్నం. నువ్వు అంత సన్నం కాదు. రా కిందకి” అంది.

తేలే పలకలు, తాళ్ళు, ప్రథమ చికిత్స పెట్టె ఉండే చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. ఒక స్టూలు చిన్ని వైపు తోసి, తను పలకల దొంతర మీద కూర్చుంది. తలుపుకు ఉన్న అద్దంలోంచి కొలను కనిపిస్తోంది.

“తమ్ముడు చెప్పాడా?”

“వాడెందుకు చెబుతాడు? వాడికి నేనెవర్ని? వాడికి అక్కవి నువ్వేగా.”

“మొదలెట్టావా? ముందు కూర్చో.”

“కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి రాలేదు, అక్కా.”

మైనా ఫక్కున నవ్వింది. “అక్కా అన్నావంటే లోపల బాగా కాలుతున్నట్టుంది. చిన్నప్పుడు పిన్ని నిన్ను నిలబెట్టి నాలుగు దెబ్బలు వేసినా ఆ మాట అనేదానివి కాదు.”

“నవ్వకు. ఉద్యోగం మానేశావు. ఇల్లు మారావు. జుట్టు కత్తిరించుకున్నావు. నాకు ఒక్క ముక్క తెలియదు. నేనేం చచ్చానా?”

“నువ్వు అడిగావా?”

“ఏం అడగాలి?”

“ఏడాదైంది కనబడి, బతికే ఉన్నావా అని. నా నంబరు మారలేదు. నీ దగ్గర ఉంది కూడా.”

చిన్ని ఎన్నోసార్లు ఫోను చేతిలోకి తీసుకున్న మాట నిజం. కానీ అడిగితే, ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నానని ఒప్పుకున్నట్టు కదా!

“నువ్వు పెడితే తెలిసేది. ఇదివరకు పెట్టేదానివిగా, కాలి గోరు విరిగినా” అంది, మాటను అటు తిప్పి.

“పెట్టేదాన్ని. పెడితే ఏం చేసేదానివి నువ్వు?”

“ఏం చేస్తాను? చూసేదాన్ని. పెట్టింది చూడ్డానికేగా.”

మైనా తువ్వాలుతో చెవులు తుడుచుకుంది. గొంతులో నవ్వు పోయింది.

“స్టోరీ ఎవరు చూశారో పెట్టినవాళ్ళకు కనబడుతుంది, చిన్నీ. నేను పెట్టి ఫోను పక్కన పెట్టేలోపు నువ్వు చూసేసేదానివి. రోజూ. అందరికంటే ముందు. ఒక్క మాట ఉండదు. బాగుందనీ లేదు, ఛీ ఇదేం మొహం అనీ లేదు. రాత్రి కిటికీ అవతల ఎవరో నిలబడి ఉంటే ఎలా ఉంటుంది? అలా ఉండేది.”

చిన్ని చెవులు వేడెక్కాయి. కనబడుతుందని ఆమెకు తెలియక కాదు. కానీ తను చూడటాన్ని అవతల ఒకరు కూర్చుని చూస్తున్నారన్న సంగతి ఈ ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

“ఊరంతా చూసింది. నేను చూస్తేనే తప్పొచ్చిందా?”

“ఊరు చూస్తే నాకేంటి?” మైనా గొంతు పెరిగింది. “ఊరి కోసం పెట్టానా నేను? నీ కోసం పెట్టాను!”

బయట ఎవరో నీళ్ళలోకి దూకిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.

“ఆ కొండ మీద సూర్యోదయం గుర్తుందా?” అంది మైనా. “నాకు ఆరోజు జ్వరం. సగం దారిలో వాంతి చేసుకున్నాను. దిగిపోదామని అందరూ మొత్తుకున్నారు. నేను వినలేదు. ఎందుకో తెలుసా? చిన్ని చూడాలి. చిన్ని కుళ్ళి చావాలి. పైకెక్కి, మొహం కడుక్కుని, నవ్వాను. నువ్వు చూశావని తెలిసేదాకా నాకు ఆ సూర్యుడు కనబడితే ఒట్టు.”

ఇది విని చిన్నికి ముందు కలిగింది సంతోషమే. ఆ సూర్యోదయం అబద్ధం! ఆ ఫోటో చూసి తను తినకుండా పడుకున్న రాత్రి అంతా దండగ! కానీ ఆ సంతోషం గొంతు దిగేలోపే ఇంకో ప్రశ్న అడ్డం పడింది.

“నా కోసమా? నా దగ్గర ఏముందే నీకు కుళ్ళుకోవడానికి? నువ్వు ఫస్టు, నువ్వు అందగత్తెవి, నువ్వు పెద్ద ఆఫీసు. నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం ముక్కులు కొలుస్తాను.”

“నువ్వు ఒకే ఒక్క ఫోటో పెట్టావు ఇన్నేళ్ళలో” అంది మైనా. “బస్సులో. పిన్ని నీ భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఆవిడ లేస్తుందేమోనని నువ్వు కొయ్యలా బిగుసుకు కూర్చున్నావు. ఆ ఫోటో ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. నేను కూడా లైకు కొట్టలేదులే.”

చిన్ని స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది.

“మా అమ్మ నా పక్కన ఎప్పుడైనా అలా నిద్రపోయిందా? నాకు ఫస్టు రాకపోతే నాతో మాట్లాడేదే కాదు. జ్వరమొస్తే మందిచ్చి తలుపు దగ్గరగా వేసేది. నీకు వస్తే పిన్ని మంచం మీద కూర్చుని నీ అరికాళ్ళు రుద్దేది. సెలవులకు మీ ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి నేను జ్వరం వచ్చినట్టు నటించాను. నీకు గుర్తుందో లేదో. పిన్ని నా కాళ్ళు కూడా రుద్దింది. నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు. అబ్బ! ఆ చూపు! ఫోన్లు రాకముందే నాకు తెలుసు నీ చూపు.”

గుర్తు లేకేం. ఆ రోజు మైనాను మంచం మీంచి తోసెయ్యాలనిపించింది చిన్నికి. ఇప్పుడూ అలాగే అనిపించింది, ఒక్క క్షణం. ఇన్నేళ్ళ తర్వాత, తడి జుట్టుతో పలకల మీద కూర్చున్న ఈ మనిషి తన జ్వరంలో కూడా వాటా అడిగిందని తెలిస్తే, జాలి పడాల్సిన చోట మళ్ళీ ఈర్ష్యే వచ్చింది. అమ్మ అరచేతులు తనవి మాత్రమే అనుకుంది ఇన్నాళ్ళూ.

“మరి ఎందుకు మానేశావు?” అని అడిగింది చివరికి. “పెడుతూనే ఉండాల్సింది. నేను కాలుతూనే ఉండేదాన్ని.”

“ఆ పొడుగాటి అబ్బాయి నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు. ఆరోజు సాయంత్రం స్నానాల గదిలో కూర్చుని ఏడుస్తున్నాను. ఏడుస్తూనే ఫోన్లో వెతికి వెతికి, ఇద్దరం నవ్వుతున్న పాత ఫోటో ఒకటి తీసి పెట్టాను. ఎందుకంటే ఆ వేళకు నువ్వు షాపు మూసి బస్సెక్కుతావు, చూస్తావు. పెట్టాను. వెంటనే చూశావు.” మైనా మెడలోని విజిల్‌ను వేళ్ళ మధ్య తిప్పింది. “అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడవడానికి కూడా చిన్ని పర్మిషన్ తీసుకోవాలా నేను అనిపించింది. అంతే. ఆ పెట్టడాలన్నీ అవతల పారేశాను.”

చిన్నికి ఆ ఫోటో బాగా గుర్తుంది. బస్సులో కిటికీ పక్కన నిలబడి చూసింది. మైనా వేసుకున్న చెవిపోగులు కూడా గుర్తున్నాయి. ఆ రాత్రి ఇంట్లో అందరి మీదా చిర్రుబుర్రులాడింది.

“మా స్నేహితులు కూడా ఒక్కొక్కరే మానేశారు” అంది మైనా. “అడిగి చూశాను. ఒకమ్మాయికి పాత బాస్. ఒకడికి వదిలేసిన పిల్ల. ఇంకొకామెకు కాబోయే అత్తగారు. ఎవరికి వాళ్ళకి ఒక్కో చిన్ని ఉందే! నువ్వేమీ గొప్పదానివి అనుకోకు.”

చిన్నికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి మైనా తువ్వాలు విసిరింది. “తుడుచుకో. ముక్కు మాత్రం తుడవకు, ఆ తువ్వాలు నాది.”

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇద్దరూ ఆ గదిలోంచి చేతులు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళేమో. కానీ చిన్ని చిన్నే.

“సరే. లోకానికి చూపించడం మానేశావు. మరి ‘నలుగురం’ ఏంటి? నా తమ్ముడికి చూపించొచ్చు కానీ నాకు కూడదా? ఎవరు మిగతా ఇద్దరూ?”

మైనా మొహం మారింది. తలుపు అద్దంలోంచి కొలను వైపు, గోడ గడియారం వైపు చూసి లేచి నిలబడింది.

“ఇవాళ్టికి వెళ్ళు. సాయంత్రం నేనే ఇంటికి వస్తాను. కూర్చుని మాట్లాడుకుందాం.”

“ఎందుకు వెళ్ళాలి?”

“పెద్దవాళ్ళ బ్యాచి మొదలవుతుంది. నాకు పనుంది.”

“చేసుకో. చూస్తూ కూర్చుంటా. నా అలవాటేగా.”

“చిన్నీ, నా మాట విను...”

వినలేదు. మైనా అడ్డం వచ్చేలోపే తలుపు అద్దానికి మొహం ఆనించింది. బట్టలు మార్చుకునే గదిలోంచి పెద్ద వయసు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నీళ్ళలోకి దిగుతున్నారు. రెండో కోచ్ వాళ్ళను వరుసలో నిలబెడుతున్నాడు. చివరగా వచ్చిన ఆవిడ మెట్టు మెట్టుకూ ఆగి, కమ్మీ గట్టిగా పట్టుకుని దిగింది. ఆకుపచ్చ టోపీ, కళ్ళకు నల్లద్దాలు. నీళ్ళు నడుం దాకా వచ్చాక కుడిచేత్తో ఎడమ మోచెయ్యి రెండుసార్లు రుద్దుకుంది. పరాయి ఇంటికి వెళ్ళినా, డాక్టరు దగ్గర కూర్చున్నా, భయమేస్తే అలా రుద్దుకునే మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు.

అమ్మ.

అమ్మ మోకాళ్ళ నొప్పికి వ్యాయామం నేర్పే చోటికి వెళుతున్నానని చెబుతోంది కొన్ని నెలలుగా. చిన్ని మందుల షాపులో పూతమందు కూడా కొని తెచ్చింది. తల మీద నీళ్ళు పోసుకోవాలంటేనే ఊపిరి బిగబట్టే అమ్మ! వంతెన మీద బస్సు వెళుతుంటే కిటికీలోంచి కిందకి చూడని అమ్మ!

ఆ అమ్మ చేతులు రెండూ చాచి, వెనక్కి వాలి, నీళ్ళ మీద పడుకుంది. ఎవరూ పట్టుకోలేదు. మునగలేదు. కప్పు వైపు చూస్తూ నవ్వుతోంది. చిన్ని ఇరవై ఏళ్ళు పైబడి ఆ మొహాన్ని చూస్తోంది. ఆ నవ్వు మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఎవరి మీద ఈర్ష్య పడాలో కూడా తెలియలేదు ఆమెకు. మైనా మీదా, తమ్ముడి మీదా, ఆ ఆకుపచ్చ టోపీ మీదా, అమ్మను ఎత్తి పట్టుకున్న ఆ నీళ్ళ మీదా?

“అమ్మ... నాకు ఎందుకు చెప్పలేదు?” అంది చిన్ని, అద్దం మీంచి మొహం తియ్యకుండానే.

“చెప్పు పిన్నీ అని నేను పోరాను. నిజంగా.” మైనా నెమ్మదిగా అంది. “మొదటిసారి తేలిన రోజు వీడియో తీసి గ్రూపులో పెట్టాను. తమ్ముడు ఎగిరి గంతేశాడు. చిన్నికి కూడా పంపుదాం అన్నాను. పిన్ని వద్దంది.”

“ఎందుకు?”

“వదిలెయ్.”

“ఎందుకు వద్దంది?”

మైనా తలవంచుకుంది. “‘చిన్ని ఏమీ అనదు అమ్మలూ. ఊరికే చూస్తుంది. అది అలా చూస్తే నేను మునిగిపోతాను’ అంది.”

దీనికంటే చెంప పగలగొట్టినా బాగుండేది. షాపులో ఎదుటివాళ్ళ కళ్ళకు ఏ పవరు కావాలో చూసి చూసి అలిసిపోయే చిన్ని, తన కళ్ళు ఇంట్లోవాళ్ళకు ఏం చేస్తున్నాయో ఎప్పుడూ అడగలేదు. మైనా ఏడుపు దాచుకుంది. తమ్ముడు గ్రూపు దాచుకున్నాడు. అమ్మ నవ్వు దాచుకుంది. అందరూ తన నుంచే.

తలుపు తోసుకుని బయటికి నడిచింది. చెప్పులతో కొలను దగ్గరకు వెళ్ళకూడదని రెండో కోచ్ అరిచాడు. చెప్పులు అక్కడే వదిలేసింది. తడి పలకల మీద పాదాలు జారుతుంటే, గట్టు అంచు దాకా వెళ్ళి నిలబడింది. మైనా వెనకాలే పరిగెత్తుకొచ్చింది, ఏం గొడవ చేస్తుందోనని.

అమ్మ ఇంకా తేలుతూనే ఉంది. మొహం కప్పు వైపే ఉంది.

చిన్నికి లోపల మంట చల్లారలేదు. అబద్ధమెందుకు? ఇంకా కాలుతూనే ఉంది. అయినా ఆ మంటలోంచే, గోడ పెళ్ళలా, జీవితంలో ఎవరికీ చెప్పని మాట ఒకటి ఊడి పడింది.

“అమ్మా... బాగుందే! ఎంత బాగా తేలుతున్నావే!”

ఆ గొంతు కప్పు మీద పడి, రెండు గొంతులై తిరిగొచ్చింది. నీళ్ళలో ఉన్నవాళ్ళందరూ తల తిప్పారు. వెనకే నిలబడ్డ మైనా నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అమ్మ ఉలిక్కిపడి ఇటు చూసింది. కూతురు కనబడింది. అంతే, చేతులు కొట్టుకుని బుడుంగుమని మునిగింది. మైనా అమాంతం దూకి, చంకల కింద చేతులు వేసి పైకి లేపి గట్టు దగ్గరకు తీసుకొచ్చింది. అమ్మ ఉక్కిరిబిక్కిరై దగ్గుతూ, నల్లద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని, గట్టు అంచు రెండు చేతులా పట్టుకుంది. చిన్ని మోకాళ్ళ మీద కూర్చుని ఆ చేతుల మీద చేతులు వేసింది.

“ఏం కాలేదమ్మా. నేనే. చిన్నిని. బాగుంది అన్నాను, అంతే. నిజంగా బాగుంది.”

అమ్మ ఆ మాట విన్నట్టు లేదు. ఆమె కళ్ళలో నీళ్ళ భయం పోయి, ఇంకేదో భయం వచ్చి కూర్చుంది. మెట్ల వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“నీకెవరు చెప్పారే? ఆయనే చెప్పేశారా?”

“పిన్నీ!” అంది మైనా గాభరాగా.

చిన్ని చేతులు అమ్మ చేతుల మీదే ఉండిపోయాయి. “ఏ ఆయన, అమ్మా?”

అమ్మ మైనా వైపు చూసింది. మైనా నీళ్ళలోకి చూసింది. మైనా ఒకరు, తమ్ముడు ఒకడు, అమ్మ ఒకరు. నాలుగో మనిషి గురించి అడగడమే మర్చిపోయిందని చిన్నికి అప్పుడు తట్టింది.

సరిగ్గా అప్పుడే, బయటి గుమ్మం దగ్గర్నుంచి ఒక మగగొంతు అమ్మను పేరు పెట్టి పిలిచింది. ‘గారు’ లేదు, వరస లేదు. పేరు, అంతే, ఎన్నాళ్ళుగానో అలవాటైనంత నెమ్మదిగా. నాన్న పోయాక ఆ పేరు కరెంటు బిల్లు మీద చదవడమే కానీ, ఒక మనిషి నోట వినలేదు చిన్ని.

అమ్మ ఆ గొంతు వైపు తిరిగింది. భయపడటానికి ముందు, రెప్పపాటు కాలం, ఆమె మొహం మీద ఇందాకటి ఆ నవ్వే వెలిగింది. నీళ్ళను చూసి నవ్వింది కాదది, ఈ గొంతును తలుచుకుని నవ్వింది అని చిన్నికి అర్థమైంది.

అడుగుల చప్పుడు తడి పలకల మీద దగ్గరవుతోంది. చిన్ని వెనక్కి తిరగలేదు. ఇంకా తిరగలేదు.